వైరస్ ఉనికి, వైరస్ ప్రభావం: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో పి16 సూచిక

హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ) సోకిన స్త్రీలలో చాలామందికి ఏడాది, రెండేళ్లలో శరీరమే దాన్ని అదుపు చేస్తుంది. అయితే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చినవారిలో దాదాపు అందరి కణితిలోనూ ఆ వైరస్ జాడ ఉంటుంది. 1983లో జర్మనీలో హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం హెచ్‌పీవీ 16ను, మరుసటి ఏడాది హెచ్‌పీవీ 18ను ఈ కణితుల్లో గుర్తించింది. ప్రపంచంలో ఈ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి ఈ రెండు రకాలే కారణం. వైరస్ ఉన్నదని డీఎన్‌ఏ పరీక్ష చెబుతుంది. అది కణాన్ని లొంగదీసుకున్నదా అన్నది వేరే ప్రశ్న. దానికి కణజాల పరీక్షలో పి16 ప్రోటీన్ ఇచ్చినంత సూటి జవాబు మరొకటి ఇవ్వదని ఈ వ్యాసం వాదన.

పి16 నిజానికి కణవిభజనకు అడ్డుకట్ట. సీడీకే4, సీడీకే6 ఎంజైములను నిరోధించి, ఆర్‌బీ ప్రోటీన్ విభజనను నడిపే ఈ2ఎఫ్‌ను పట్టి ఉంచేలా చూస్తుంది. అందుకే ఇతర అవయవాల క్యాన్సర్లు అనేకం పి16ను పోగొట్టుకునే ఎదుగుతాయి. ఇక్కడ మాత్రం అది కుప్పలుగా పేరుకుంటుంది. వైరస్ ఈ7 ప్రోటీన్ ఆర్‌బీనే పట్టి నాశనం చేస్తుంది కనుక పి16 ఎంత పెరిగినా విభజన ఆగదు. పైగా పి16 జన్యువుపై ఉన్న అణచివేత గుర్తులను చెరిపే కేడీఎం6బీ ఎంజైమును ఈ7 పెంచుతుంది. తలుపులు పీకేసిన ఇంటికి తాళాలు పోగేసినట్టు ఉంటుంది ఆ కణం పరిస్థితి. అదే సమయంలో ఈ6 ప్రోటీన్ పి53ను నశింపజేస్తుంది కాబట్టి దెబ్బతిన్న కణం చావకుండా మిగులుతుంది. ఈ6, ఈ7 రెండింటికీ పగ్గం వేసే వైరస్ ఈ2 జన్యువు, వైరస్ డీఎన్‌ఏ మన క్రోమోజోమ్‌లో చేరేటప్పుడు తరచూ తెగిపోతుంది. 1951లో హెన్రియెట్టా ల్యాక్స్ కణితి నుంచి వచ్చిన హీలా కణాల్లో హెచ్‌పీవీ 18 ఇలాగే ఎనిమిదో క్రోమోజోమ్‌పై, మిక్ జన్యువుకు దగ్గర్లో స్థిరపడింది.

2012 నాటి అమెరికా పాథాలజిస్టుల మార్గదర్శకాలు, సీఐఎన్2 (క్యాన్సర్‌కు ముందటి మధ్యస్థ మార్పు) అని తేల్చుకోలేని బయాప్సీలకు పి16 రంజనం సూచించాయి. అడుగు పొరలో తెగకుండా సాగి పైకి పాకిన గాఢమైన రంగునే పాజిటివ్‌గా లెక్కించాలి, అక్కడక్కడా కనిపించే మచ్చలను కాదు. ఈ నియమాన్ని సడలిస్తే సూచికకు విలువే ఉండదు. పి16 వైరస్‌కు పర్యాయపదమూ కాదు: గర్భాశయ లోపొరలో పుట్టే సీరస్ క్యాన్సర్‌లో హెచ్‌పీవీ లేకుండానే గాఢంగా రంగు పడుతుంది.

మన దేశానికి వస్తే, మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలో సుమారు 1.3 లక్షల మంది స్త్రీలతో జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ పరీక్ష మరణాలను దాదాపు సగానికి తగ్గించింది. కణ పరీక్ష, యాసిటిక్ యాసిడ్ పరీక్ష బృందాల్లో అంతటి తగ్గుదల కనిపించలేదు. కనుక మొదటి మెట్టు వైరస్ పరీక్షే. పాజిటివ్ వచ్చినవారిలో ఎవరిని ముందుగా కాల్పోస్కోపీకి (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చేసే పరీక్షకు) పంపాలన్నదే చిక్కు. పి16, కెఐ-67 జంట రంజనం ఇక్కడ తర్కబద్ధమైనది: ఒకటి విభజన ఆపేది, మరొకటి విభజన జరుగుతోందని చెప్పేది. ఆరోగ్యకరమైన కణంలో రెండూ ఒకేసారి ఉండవు. అయితే దీనికి మైక్రోస్కోప్ ముందు శిక్షణ పొందిన కళ్లు కావాలి. అవి కరువైన జిల్లాల్లో ఎఫ్‌ఏఎమ్19ఏ4, మిఆర్124-2 జన్యువుల మిథైలేషన్ పరీక్షకే నా మొగ్గు. స్త్రీ స్వయంగా తీసుకున్న నమూనాపైనా యంత్రమే దాన్ని చదవగలదు. ముదిరిన క్యాన్సర్‌ను అది దాదాపు వదలదు, సీఐఎన్2 మార్పులను మాత్రం జంట రంజనం కన్నా తక్కువగా పడుతుంది. ఆ మార్పుల్లో చాలా వరకు, ముఖ్యంగా చిన్న వయసువారిలో, వాటంతటవే తగ్గిపోతాయి.