మరమ్మతా, పునర్నిర్మాణమా?

తణుకు చేలకు పారు నీరు ధవళేశ్వరము నుండి వచ్చుచున్నది. అక్కడ సర్ ఆర్థర్ కాటన్ 1847లో ఆరంభించి 1852 నాటికి ముగించిన ఆనకట్ట నూరేండ్లకు పైగా గోదావరిని నిలిపినది. వయసు మీరిన ఆ కట్టడమును మరమ్మతులతో ఇంకెంతకాలము నెట్టుకొని రాగలమన్న ప్రశ్న వచ్చినపుడు, కొత్త బారేజీకే పెద్దలు మొగ్గినారు. 1970లో మొదలైన పని 1982లో ముగిసినది. అయితే కాలువలను పూడ్చి మరల త్రవ్వలేదు. తలకట్టు కొత్తది, కాలువలు పాతవే.

ఇట్టి చిక్కే నేడు ఇండ్లలోని కంప్యూటర్లకును వచ్చుచున్నది. లైనక్స్ వాడువారికి మరీ తరచు. ఉన్న వ్యవస్థనే తరువాతి సంచికకు పెంచుకొనవలెనా, లేక డిస్కు తుడిచి మొదటినుండి స్థాపించవలెనా? ఈ వాదమునకు ముప్పదియేండ్ల చరిత్ర కలదు.

1991 ఆగస్టు 25న హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లోకమునకు ప్రకటించినది కెర్నెల్ అను మూలభాగము మాత్రమే. దాని చుట్టును పనిముట్లు చేర్చి, ఒక్క కట్టగా ఇచ్చువారు తరువాత వచ్చినారు. తొలినాళ్ళలో అది ఫ్లాపీల దొంతరగా ఇల్లు చేరెడిది. ఏ ప్రోగ్రాము దేనిపై ఆధారపడినదో వ్రాసియుంచు లెక్క సరిగా లేదు గనుక, కొత్త దొంతర రాగానే పాతదానిని తుడిచివేయుటయే సులువు. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ ఈ లెక్కను శ్రద్ధగా పట్టినది. ప్రతి ప్యాకేజీలోను తనకేవి తోడు కావలెనో తెలుపు చీటీ యుండును.

ఆ లెక్కకు గట్టి పరీక్ష 1998 జూలైలో వచ్చినది. డెబియన్ 2.0లో, ప్రోగ్రాములన్నిటికిని ఆధారమైన సీ లైబ్రరీయే మారినది. కాపురమున్న ఇంటికి పునాది మార్చుట వంటి పని యది! పాత, కొత్త లైబ్రరీలను ప్రక్కప్రక్కన నిలిపి, ఏది ముందో ఏది వెనుకో చూచి మార్చు చిన్న స్క్రిప్టు నొకదానిని ఇచ్చినారు. 1999 మార్చిలో 2.1తో వచ్చిన ఆప్ట్ సాధనము ఆ వరుసను తానే ఆలోచించి నడపసాగినది.

అయినను ఒక నిబంధన నేటికిని ఉన్నది: ఒక సంచికను దాటి పైదానికి దుముకరాదు. నాలుగు సంచికలు వెనుకబడిన యంత్రమునకు నాలుగు ప్రయాణములు తప్పవు. అట్టిచోట కొత్త స్థాపనయే మేలని నా అభిప్రాయము. ఒకటి రెండు మెట్లే మిగిలినపుడు తుడిచివేయుట, సంక్రాంతికి సున్నము వేయవలసిన ఇంటిని కూలద్రోయుటయే. కొందరికి ఆ కూల్చుటలోనే సరదా, అది వేరు సంగతి.

ఎన్నిక లేని సందర్భమును కలదు. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13 పాత 32 బిట్ల యంత్రములకు కెర్నెల్‌ను గాని స్థాపన సాధనమును గాని ఇవ్వలేదు. యంత్రమునకు శక్తి యున్నచో 64 బిట్ల వ్యవస్థను కొత్తగా స్థాపించుకొనుడు, లేనిచో దానికి విశ్రాంతి నిండు అన్నదే వారి సలహా.

ఇక మన తెలుగువారికి ప్రత్యేకముగా పోవునది ఒకటున్నది. యూనికోడ్ తొలి సంపుటము తెలుగుతో సహా 1991 అక్టోబరులోనే వచ్చినను, అటుపిమ్మట ఏండ్ల తరబడి శుభలేఖలు, సంఘముల చిట్టాలు, తాతగారి వ్రాతలు పాత ఫాంట్లతోనే టైపు చేయబడినవి. వాని లోపలి సంకేతములు ఆంగ్లాక్షరములవి; తెలుగు రూపమును ఇచ్చునది ఫాంటు ఒక్కటే. అది పోయినచో తాతగారి ఉత్తరము అర్థము లేని ఆంగ్లాక్షరముల కుప్ప యగును.

మన దస్త్రములుండు హోమ్ భాగమును విడిగా నుంచుకొన్నచో, కాటన్ కాలువల వలె దానిని ముట్టక తక్కిన దానిని తిరిగి కట్టవచ్చును. కాని అందరి వాడుకకై పెట్టిన ఫాంట్లు సాధారణముగా హోమ్‌లో ఉండవు. యూఎస్ఆర్ అను వేరు అరలో ఉండును. హోమ్‌ను కాపాడితిమని నిశ్చింతగా తుడిచినవారు వానిని అక్కడనే పోగొట్టుకొందురు. తుడుచుటకు ముందు ఆ ఫాంట్లను వేరొక డిస్కుపైకి తీసి, దానినుండి ఒక పాత ఉత్తరమును మరియొక యంత్రముపై తెరిచి చదివి చూడవలెను.