తెనాలి దాకా వచ్చే సీసా

కరీబియన్ సముద్రంలోని సెయింట్ థామస్ దీవిలో ఓడ ఆగితే యాత్రికుల్లో చాలామంది నేరుగా మద్యం కొట్లకే నడుస్తారు. ఆ దీవి డెన్మార్క్ చేతిలో ఉన్నప్పుడే సుంకాల్లేని రేవు. 1917లో అమెరికా రెండున్నర కోట్ల డాలర్లిచ్చి కొన్నాక కూడా ఆ వెసులుబాటు పోలేదు. వేరే దేశం నుంచి ఇంటికెళ్లే అమెరికా పౌరుడికి మామూలుగా లీటరు మద్యమే సుంకం లేకుండా వదులుతారు, అక్కణ్నుంచైతే 5 లీటర్ల దాకా వదులుతారు.

తెనాలి, బాపట్ల, రేపల్లె పక్క అలాంటి రేవు లేదు. రేపల్లెకు దక్షిణాన నిజాంపట్నం ఉంది. 1611లో ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’ ఆగిన పెటపోలి అదే, ఇప్పుడక్కడ ఉన్నవి చేపల పడవలు. అయినా సుంకం తక్కువున్న చోట కొనుక్కుని తెచ్చుకోవడానికి ఓడే అక్కర్లేదు, మధ్యలో ఒక సరిహద్దు ఉంటే చాలు. డెల్టావాళ్లకు ఆ సరిహద్దు ఒక్కో కాలంలో ఒక్కో చోట పడింది.

1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం కింద కల్లు, సారా సర్కారుకు రాబడి. అందుకే 1921లో సహాయ నిరాకరణవాళ్లు కల్లు పాకల ముందు నిలబడితే అది తాగుడు మీద పోరాటమూ అయింది, ఖజానా మీద దెబ్బా అయింది. 1937లో రాజాజీ సేలంలో మొదలుపెట్టిన మద్యనిషేధం 1948 అక్టోబర్ 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతా పరుచుకుంది. డెల్టాలో చట్టప్రకారం చుక్క దొరకని ఆ రోజుల్లో గోదావరి ఒడ్డున యానాంలో మాత్రం ఫ్రెంచివాళ్ల చట్టం నడుస్తోంది.

1954 నవంబర్ మొదటి వారంలో రెండు సంగతులు జరిగాయి. 1న యానాం భారత్ చేతికొచ్చింది. 6న కర్నూలులో ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. కారణం మద్యనిషేధమే. నిషేధం ఎత్తేయమని రామమూర్తి కమిటీ చెప్పింది, ప్రభుత్వం వినలేదు. ఫ్రెంచి జెండా దిగినా యానాం మద్యం మన దారికి రాలేదు. కేంద్రపాలిత ప్రాంతం కాబట్టి అక్కడి పన్ను వేరు. ఆ లాభం కాకినాడ, అమలాపురం వాళ్లకు అందింది గానీ, తెనాలి నుంచి పోయి ఒక ఫుల్లు తెచ్చుకుంటే మిగిలింది కాస్తా బస్సు చార్జీలకే సరి.

అసలు విచిత్రం 1956 తర్వాతిది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది గానీ కోస్తా, సీమ జిల్లాల్లో నిషేధం, తెలంగాణలో కొట్లు! జగ్గయ్యపేటకు ఇటు నేరం, కోదాడకు అటు సరుకు. ఒకే ప్రభుత్వం కింద 1960ల చివరి వరకు ఈ రెండు చట్టాలూ నడిచాయి.

దూబగుంట మహిళల ఉద్యమంతో 1993 అక్టోబర్ 1న సారా పోయింది. ఎన్టీఆర్ 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం తెచ్చారు, 1997 ఏప్రిల్‌లో చంద్రబాబు ఎత్తేశారు. ఆ రెండేళ్లు సరిహద్దు కర్ణాటక, తమిళనాడు, ఒడిశా దాకా జరిగింది, యానాం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆడవాళ్లు అడిగింది తాగుడు పోవాలని. దాన్ని చెక్‌పోస్టుల వ్యవహారంగా మార్చింది మాత్రం పక్క రాష్ట్రాలతో చట్టం తేడా.

2014లో రాష్ట్రం విడిపోయింది, జగ్గయ్యపేట-కోదాడ గీత మళ్లీ సరిహద్దయింది. 2019 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే కొట్లు పెట్టింది. 2020 మేలో రెండు రోజుల్లో ధరలు 75 శాతం పెరిగాయి, తెలిసిన బ్రాండ్లు మాయమయ్యాయి. గరికపాడు, పొందుగుల చెక్‌పోస్టుల్లో కారు డిక్కీలు తెరిపించడం అప్పుడు రోజువారీ పని. పోలీసు సీసా తిప్పి లేబుల్ చూస్తాడు, ‘తెలంగాణలో మాత్రమే అమ్మకానికి’ అని ఉంటే అయిపోయినట్టే. మనిషికి మూడు సీసాలు తెచ్చుకోవచ్చని ఆ సెప్టెంబర్‌లో హైకోర్టు చెప్పింది, తర్వాత ప్రభుత్వం ఆ వెసులుబాటూ తీసేసింది. 2024 అక్టోబర్ 16న ప్రైవేటు కొట్లు, 99 రూపాయల క్వార్టరు వచ్చాక ఆ దారి పల్చబడింది. దాడులు ఏళ్ల తరబడి చేసినా రాని ఫలితం ధర దించితే వచ్చిందనే నేనంటాను.

ఇక మిగిలింది విమానాశ్రయం. 1947లో ఐర్లండ్‌లోని షానన్‌లో మొదలైన డ్యూటీ ఫ్రీ కొట్టు శంషాబాద్ దాకా వచ్చింది. డల్లాస్ నుంచి అల్లుడొస్తున్నాడంటే తెనాలిలో మామగారు అడక్కపోయినా సూట్‌కేసులో స్కాచ్ ఉంటుంది, తువ్వాళ్ల మధ్య చుట్టి. విదేశీ విస్కీ మీద కస్టమ్స్ సుంకమే 150 శాతం ఉంటూ వచ్చింది కాబట్టి అది పెద్ద మర్యాదే. 2025 జులైలో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం స్కాచ్ మీద దాన్ని 75కి, పదేళ్లలో 40 శాతానికి దించుతుంది. అప్పుడా మర్యాద విలువ కొంత తగ్గక తప్పదు.

2016 బ్యాగేజీ నిబంధనల్లో మనిషికి 2 లీటర్లు రాశారు. మన ఫుల్లు 750 మిల్లీలీటర్లు, డ్యూటీ ఫ్రీ సీసా సాధారణంగా లీటరు, అంటే రెండు సీసాలు. అయితే శంషాబాద్‌లో దిగి కారులో గరికపాడు దాటేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. కస్టమ్స్ వదిలేసిందంటే రాష్ట్ర ఎక్సైజు చట్టమూ వదిలేసినట్టు కాదు. బిల్లు, బోర్డింగ్ పాస్ ఇల్లు చేరేదాకా జేబులోనే ఉంచుకోండి.