ఇసుకలో ఓనమాలు: 1823 బళ్లారి నివేదికలో పిల్లల చదువు

1823 ఆగస్టు 17న బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. దేశీయ పాఠశాలల వివరాలు పంపమని గవర్నరు సర్ థామస్ మన్రో అంతకు ముందు సంవత్సరము జూన్‌లో జిల్లా కలెక్టర్లందరినీ కోరాడు. చాలామంది పట్టికలు నింపి పంపి ఊరుకున్నారు. కాంప్‌బెల్ మాత్రము బడిలోకి వెళ్లి కూర్చున్నవాని వలె రాశాడు. 1983లో ధరంపాల్ ఈ నివేదికలన్నిటినీ ఒక సంపుటముగా వెలువరించిన తర్వాత, ఆంగ్లేయులు రాకముందు మన చదువు ఎంత, వచ్చాక ఎంత అన్న వాదము పెద్దదైంది. ఆ వాదము ఇక్కడ మన పని కాదు. పిల్లవాడు ఎలా నేర్చుకుంటాడు అన్న ప్రశ్నకు ఆ కాగితాలలో ఉన్న జవాబు కొరకు నేను వాటిని చదివాను.

లెక్కలు క్లుప్తంగా చెప్పుకుందాము. జిల్లా జనాభా 9,27,857. బడులు 533, అందులో తెలుగువి 226, కన్నడవి 235. విద్యార్థులు 6,641 మంది, అంటే వెయ్యి మంది జనములో ఏడుగురు కూడా లేరు. వారిలో ఆడపిల్లలు 60 మంది. 1882లో అనంతపురం జిల్లాగా విడిపోయిన ప్రాంతము అప్పుడు బళ్లారిలోనే ఉండేది గనుక ఇది మన తెలుగు పల్లెల కథ కూడా. కాంప్‌బెల్ తెలుగు తెలియని దొర కాడు. 1816లో తెలుగు వ్యాకరణాన్ని, ఆ తర్వాత నిఘంటువును అచ్చువేసినవాడు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే అతని విమర్శ భాష మీదనే వచ్చి నిలుస్తుంది.

అయిదవ ఏట మంచి రోజు చూసి పిల్లవానిని కూర్చోబెట్టి బియ్యములో వేలితో రాయించేవారు. మరుసటి రోజు నుండి బడి. ఉదయము ఆరు గంటలకు మొదలు. అందరికన్నా ముందు వచ్చినవాని అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండవవానికి సున్న, అంటే మెచ్చుకోలూ లేదు, తిట్టూ లేదు. మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, తర్వాతివారికి అలా పెరుగుతూ పోవటమే. (ఆదివారము ఆరాధనకు ఆలస్యముగా వచ్చేవారి విషయములో ఈ పద్ధతి కొందరు పాస్టర్లకు నచ్చవచ్చు!) పిల్లలను తరగతులుగా విడదీసి, కింది తరగతులను ముందు నేర్చుకున్న పెద్ద పిల్లలకు అప్పగించేవారు. పై తరగతి మాత్రము పంతులుగారి కన్ను కింద ఉండేది. అక్షరాలు మొదట నోటితో కాదు, నేల మీద ఇసుకలో వేలితో రాస్తూ నేర్చేవారు. మన పెద్దలు గుంట ఓనమాలు అన్నది ఇదే.

ఈ రెండు సంగతులను, అనగా చేతితో రాస్తూ నేర్చుకొనటాన్ని, తాను నేర్చినది మరొకనికి నేర్పుతూ గట్టిపరచుకొనటాన్ని కాంప్‌బెల్ మనసారా మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దీనిని అనుకరించటము సబబే అన్నాడు. వెంటనే ఒక పెద్ద లోపము కూడా చెప్పాడు. పిల్లలు వల్లించే పద్యాల భాష వేరు, ఇంట్లో మాట్లాడే భాష వేరు. ఒక్క అక్షరము పొల్లుపోకుండా వందల పద్యాలు అప్పజెప్పే పిల్లవానికి వాటి అర్థము చిలుకకు తెలిసినంతే తెలుసు. చాలాచోట్ల అర్థము పంతులుకూ తెలియదు. మంచి పద్ధతి, దానిలో పోసిన అర్థము కాని పాఠము, ఈ రెండూ ఒకే అరుగు మీద ఉన్నాయి.

ఇంగ్లండు అనుకరణ అంటే ఆండ్రూ బెల్ సంగతి. ఈయన ఆంగ్లికన్ గురువు. 1789 నుండి మద్రాసు ఎగ్మూరులో సైనికుల కొడుకుల అనాథాశ్రమ పాఠశాలను నడిపించాడు. ఒక ఉదయము ఆయన ఒక దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో రాయటము చూసి, తన బడిలో కూడా అలా చేయమన్నాడు. ఉపాధ్యాయులకు అది రుచించలేదు, సాగలేదు. అప్పుడు ఆయన ఎనిమిదేళ్ల జాన్ ఫ్రిస్కెన్ అనే బాలునికి ఆ తరగతి అప్పగించాడు. పని సాగింది. 1796లో ఇండియా విడిచివెళ్లి, మరుసటి సంవత్సరము లండనులో తన ప్రయోగాన్ని గురించి పుస్తకము ప్రచురించాడు. దానికే మద్రాసు పద్ధతి అని పేరు వచ్చింది.

ఇక్కడ మనము తొందరపడకూడదు. మన అరుగుబడి ఇంగ్లండుకు చదువు నేర్పింది అని వేదికల మీద సులభముగా చెబుతున్నారు. బెల్ ఒప్పుకొన్నది ఇసుకను గురించి మాత్రమే. పిల్లవాడు పిల్లవానికి నేర్పటము తన సొంత ఆలోచన అనే చెప్పుకొన్నాడు. అయితే ఆ పద్ధతి ఈ దేశములో ఎంతో ముందు నుండి ఉన్నదనటానికి సాక్ష్యము ఉంది. 1623లో ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వాల్లే ఇక్కేరి వెళ్లే దారిలో ఒక గుడి వసారాలో నలుగురు బాలురను చూశాడు. నేలమీద సన్నని ఇసుక పరచుకొని, రాగముతో పాడుతూ లెక్కలు రాస్తున్నారు. దగ్గర పంతులు లేడు. ఎవరైనా మరచిపోతే ఏమి చేస్తారని అడిగితే, ఒకరికొకరము నేర్పుకుంటాము అన్నారు. బెల్‌కు 166 సంవత్సరాల ముందు మాట ఇది. తమిళనాట తరగతి పెద్దకు సట్టాంపిళ్లై అనే మాట ఉండనే ఉంది. బెల్ అబద్ధమాడాడని నేను అనను. చూసి కూడా సగమే గుర్తించాడని అనుకుంటాను.

తర్వాతి చరిత్ర అంత సంతోషకరమైనది కాదు. 1811లో ఇంగ్లండు సంఘము పేదపిల్లల చదువు కొరకు నేషనల్ సొసైటీని స్థాపించి బెల్ పద్ధతిని చేపట్టింది. ఒక్క ఉపాధ్యాయునితో వందల మందికి చదువు చెప్పవచ్చునన్న పొదుపే దానికి పెద్ద ఆకర్షణ అయింది. అరుగు మీద పన్నెండు మంది మధ్య జరిగినది పెద్ద హాలులో కవాతుగా మారింది. అర్థము తెలియని పెద్ద పిల్లవాడు అర్థము తెలియని చిన్నవానికి ప్రశ్నోత్తరి అప్పజెప్పించాడు. 1846 నాటికి ఆ పద్ధతిని పక్కకు నెట్టి వేరే ఏర్పాటు చేసుకున్నారు. ఈలోగా అదే పద్ధతి ఓడ ఎక్కి తిరిగి మన దేశానికి వచ్చింది. 1814లో లండన్ మిషనరీ రాబర్ట్ మే బెంగాలులోని చిన్సురాలో దానితోనే పాఠశాలలు తెరిచాడు.

ఇరవయ్యవ శతాబ్దిలో మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ సంగతిని పరీక్షకు పెట్టారు. 1980లో బార్గ్, షూల్ అనేవారు ఒకే పాఠాన్ని కొందరికి పరీక్ష కొరకు, కొందరికి ఇతరులకు నేర్పటము కొరకు చదవమని ఇచ్చారు. నేర్పాలని చదివినవారు ఎక్కువ నేర్చుకున్నారు. 1984లో బెన్‌వేర్, డీసీ చేసిన పరిశోధన మనకు ఇంకా దగ్గరిది. కంఠస్థము చేసిన సంగతులలో రెండు గుంపులకూ తేడా లేదు, భావము గ్రహించటములోనే నేర్పదలచినవారు ముందున్నారు. చేతిరాత విషయములో 2012లో జేమ్స్, ఎంగెల్‌హార్ట్ ఇంకా చదవటము రాని అయిదేళ్ల పిల్లల మెదడును యంత్రముతో పరిశీలించారు. అక్షరాన్ని టైపు చేసినప్పటికన్నా, గీసి ఉన్నదాని మీద దిద్దినప్పటికన్నా, తానై రాసినప్పుడే చదువుకు సంబంధించిన మెదడు భాగాలు బాగా మేల్కొన్నాయి. అంటే గుంటలో దిద్దటము కన్నా ఇసుక చెరిపి మళ్లీ రాయటములోనే మేలు ఎక్కువని నాకు తోస్తుంది.

మన సండేస్కూలు దగ్గరకు వస్తే, కాంప్‌బెల్ వేలు చూపిన చోటనే మనము ఉన్నాము. మన బల్లల మీద ఉన్న తెలుగు బైబిలు ఎక్కువ చోట్ల గ్రాంథికమే. పిల్లలు కంఠత వాక్యము పొరపాటు లేకుండా చెప్పి బహుమతి తీసుకుంటారు. కొన్నేళ్ల క్రితము నేను పరిచర్య చేసిన ఒక పల్లెలో, ఇరవై మూడవ కీర్తన గడగడ అప్పజెప్పిన తొమ్మిదేళ్ల పిల్లవానిని “లేమి అంటే ఏమిటిరా?” అని అడిగాను. “కలగనిదండి” అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ కీర్తన వానికి కంఠస్థము చేయించినది నేనే.

ఆ తర్వాత వారము చిన్నపిల్లల పాఠము పదమూడేళ్ల అమ్మాయికి అప్పగించి, వాక్యాన్ని మన ఊరి మాటలలో చెప్పాలమ్మా అన్నాను. శనివారము సాయంత్రము ఆ అమ్మాయి బైబిలు పట్టుకొని మా ఇంటికి వచ్చింది. అంతకు ముందు రెండు సంవత్సరాలుగా ఆమెకు అదే కీర్తన నోటికి వచ్చు, ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఆ సాయంత్రము గుమ్మములో నిలబడి, “అయ్యగారూ, దుడ్డుకర్ర, దండము రెండూ ఒకటేనా? వాళ్లు అడిగితే నేనేం చెప్పాలి?” అన్నది.