పత్తాల్లో వలందుల మాట

తాండూరు వైపు పేకాట అనే కంటే పత్తాలాట అనడమే ఎక్కువ. ఉర్దూలో పత్తా అంటే ఆకు. ఇంటి ముందరి నాపరాతి బండ మీద తువ్వాల పరిచి నలుగురు కూర్చున్నారనుకోండి. ఒకాయన ముక్కను టప్పున కొట్టి "కళావర్ జాకీ" అంటాడు. జాకీ ఇంగ్లీషుదని తెలుస్తూనే ఉంది. మరి కళావర్?

అది వలందులది. డచ్చివాళ్లకు మన పెద్దలు పెట్టిన పేరు వలందులు. 1602లో పుట్టిన వాళ్ల కంపెనీ కొద్ది ఏళ్లకే గోల్కొండ సుల్తాను అనుమతితో మచిలీపట్నంలో కోఠీ పెట్టింది. మూడాకుల గడ్డిని వాళ్లు క్లావర్ అంటారు, మనకది కళావరు. గుండెలను హార్టెన్ అంటారు, మనకవి ఆఠీన్లు. ఇస్పేటు మాత్రం బుడతకీచుల (పోర్చుగీసువాళ్ల) 'ఎస్పాద', అంటే కత్తి. వలందులు కలంకారీ బట్టలు ఓడలకెత్తుకుపోయి రెండు ముక్కల పేర్లు వదిలిపోయారు, బేరం మనకు గిట్టిందనలేం. అదే బండ మీద ఉర్దూ ఇంట పెరిగినాయన ఆఠీనును పాన్ అంటాడు, ఇస్పేటును హుకుం అంటాడు. ఆట ఆగదు.

ఇక ఆటలకొస్తే, మూడు ముక్కలాట బ్రిటిషువాళ్ల 'బ్రాగ్'కు చుట్టం. ముక్కలు చూడకుండా కాస్తే బ్లైండ్, చేతులెత్తేస్తే ప్యాక్. పోకర్‌లో ఈ ప్యాక్‌నే ఫోల్డ్ అంటారు. అక్కడ బ్లైండ్ వేరు: ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందెం. రమ్మీలో జోకర్ సాయం లేని వరస 'లైఫ్'. అది పడకముందే ఎదుటివాడు షో కొడితే మీ దగ్గర ఎన్ని సెట్లున్నా దండగే, 80 దాకా లెక్క పడుతుంది. దాని పేరు ఫుల్ కౌంట్.

మూడు ముక్కలాటకూ రమ్మీకీ ఉన్న తేడా 1967లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సికింద్రాబాద్ క్లబ్బొకదాని మీద పెట్టిన కేసు, నిజాం నాటి 1305 ఫసలీ జూద చట్టం కింద. మూడు ముక్కలది వట్టి అదృష్టమేనని, రమ్మీలో మాత్రం పడ్డ ముక్కలు గుర్తుండాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి అది నేర్పున్న ఆటని కోర్టు చెప్పింది. ఆ తీర్పు నీడలో రమ్మీ యాభై ఏళ్లు నడిచింది. 2017లో తెలంగాణ చట్టం మార్చి నేర్పున్న ఆటలకున్న మినహాయింపు ఎత్తేసింది. ఇప్పుడు పైసలు పెట్టి రమ్మీ ఆడినా కేసే.

వికారాబాద్ రైల్లో మోకాళ్ల మీద పేపరు పరిచి ఆడేవాళ్లను అడిగితే టైంపాస్‌కేనంటారు. జేబుల సంగతి నేనడగలేదు. ఒకాయన మాత్రం ముక్కలు గిరాటేసి "లైఫ్ పడ్తలేదు భయ్" అన్నాడు.