అర్జున పట్టికలో ముష్టియోధులు

అమెరికా దేశమున న్యూయార్కు రాష్ట్రమందలి కెనస్టోటా యను గ్రామము ప్రపంచ విజేతయగు కార్మెన్ బసీలియోకు స్వస్థలము. తమ వీరుని గౌరవింపదలచి ఆ గ్రామస్థులు ఆరంభించిన ప్రయత్నము క్రమముగా పెరిగి, 1989 నాటికి అంతర్జాతీయ బాక్సింగు కీర్తిమందిరముగా రూపొందినది. 1990లో తొలి వీరుల బృందము అందు ప్రవేశించినది. హంగేరీ దేశీయుడగు లాస్లో పాప్ 1948, 1952, 1956 సంవత్సరముల ఒలింపిక్ క్రీడలయందు వరుసగా మూడు స్వర్ణపతకములను గెలిచి, పిమ్మట వృత్తిక్రీడాకారుడై యూరప్ మిడిల్‌వెయిట్ విజేతగా నిలిచినవాడు. ఆయనకు 2001లో ఆ మందిరమున స్థానము లభించినది. క్యూబా వీరుడగు తియోఫిలో స్టీవెన్‌సన్ సైతము 1972, 1976, 1980 క్రీడలయందు మూడు స్వర్ణములు గెలిచెను. కాని ఆయన వృత్తిక్రీడాకారుడగుటకై తన యెదుట ఉంచిన ధనరాశిని త్రోసిపుచ్చి, చివరివరకు అమెచ్యూరుగనే నిలిచినవాడు. ఆయనకు అందు స్థానము లేదు. పతకముల సంఖ్య సమానమైనను ఫలితము వేరగుటకు కారణము స్పష్టమే: ఆ మందిరపు కొలమానము వృత్తిక్రీడనుండి పుట్టినది.

మన దేశమున పరిస్థితి ఇందుకు భిన్నము. మన బాక్సర్లలో దాదాపు అందరును అమెచ్యూర్లే. సైన్యమునందో, రైల్వేలయందో, పోలీసు శాఖయందో కొలువు చేయుచు, తీరిక వేళల సాధన చేసి, దేశము పేర రింగులో నిలిచినవారే. వారికొరకు మనము కీర్తిమందిరము నేదియు కట్టుకొనలేదు. 1961లో భారత ప్రభుత్వము నెలకొల్పిన అర్జున పురస్కారముల పట్టికయే ఆరు దశాబ్దములకు పైగా ఆ లోటును తీర్చుచున్నది. ఆ పట్టిక ఎట్లు పెరిగినదో, ఎవరిని చేర్చుకొన్నదో, ఎవరిని విడిచినదో శ్రద్ధగా పరిశీలించినవారికి ఒక సంగతి గోచరించును. పతకములను లెక్కించుట మనము నేర్చితిమి గాని, ఆ పతకమును గెలిచినవాడు ఏ కాలమున, ఏ యవకాశములతో, ఎట్టి ప్రత్యర్థుల యెదుట నిలిచెనో తూచుట ఇంకను నేర్వలేదు.

ఆధునిక రీతి బాక్సింగు ఆంగ్లేయ సైనికుల శిబిరములనుండియు, ఆంగ్లో ఇండియన్ పాఠశాలలనుండియు మన దేశమున వ్యాపించినది. కేంబ్రిడ్జిలో విద్యార్థిగా ఈ క్రీడ నభ్యసించి వచ్చిన పరేశ్ లాల్ రాయ్ కలకత్తా యువకులకు దానిని శాస్త్రోక్తముగా నేర్పి, భారతీయ బాక్సింగుకు పితామహుడని పేరొందెను. మొదటి ప్రపంచ యుద్ధమున విమానచోదకుడై వీరమరణము నొందిన ఇంద్రలాల్ రాయ్ ఈయన సోదరుడే. 1948 లండన్ ఒలింపిక్ క్రీడలకు స్వతంత్ర భారతము తొలి బాక్సింగు జట్టును పంపినప్పుడు అందు బాబూలాల్, జీన్ రేమండ్, జాన్ నట్టాల్, మాక్ జోకిమ్, రాబిన్ భట్టా మున్నగువారుండిరి. ఆ పేర్లను చూచినంతనే నాటి బాక్సింగు ఏ వీథులలో, ఏ పాఠశాలలలో పెరిగినదో తెలియవచ్చును. ఆ జట్టు వెళ్లినప్పటికి జాతీయ సమాఖ్య యింకను ఏర్పడలేదు. అది 1949లో వెలసినది. వారు పతకములు తేలేదు, నిజమే. కాని తమకు వెనుక ఏ సంస్థయు, ఏ సంప్రదాయమును లేకయే ఒక దేశపు క్రీడకు అంతర్జాతీయ వేదికపై ఆరంభము చేసినవారిని పతకములేని వారని త్రోసివేయుట న్యాయము కాదు. అర్జున పురస్కారము పుట్టునాటికి వారి కాలము గడచిపోయినది. ఆ కారణముచేత ఆ పట్టికయందు వారి కెన్నడును చోటు లేకపోయినది.

1961లో తొలి పురస్కారముల సమయమున బాక్సింగునుండి ఎంపికైనవాడు ఎల్. బడ్డీ డిసౌజా. మరుసటి సంవత్సరము పదమ్ బహదూర్ మల్ల. గూర్ఖా సైనికుడగు ఈ పదమ్ బహదూర్ 1962లో జకార్తాలో జరిగిన ఏషియన్ క్రీడలలో లైట్‌వెయిట్ స్వర్ణమును గెలిచినవాడు. అటుపిమ్మట 1966 వరకు బాక్సింగులో ఎవరికిని ఆ గౌరవము దక్కలేదు. ఏటేట ఒకరిని ఎంచవలెనను నిర్బంధము లేకపోవుట ఆ తొలి దశకు శోభనిచ్చినదని నా యభిప్రాయము. అర్హుడు లేని యేట ఖాళీగా విడుచుట పట్టికకు గౌరవమే గాని లోపము కాదు.

1966లో వచ్చిన పేరు హవాసింగ్. ఈయన విషయమై కొంత ఆగి చెప్పవలసియున్నది. హర్యానా ప్రాంతమున పుట్టి సైన్యమున చేరిన ఈ హెవీవెయిట్ యోధుడు 1961 మొదలు వరుసగా పదకొండు పర్యాయములు జాతీయ విజేతగా నిలిచి, బాంకాకులో 1966, 1970 ఏషియన్ క్రీడలు రెంటను స్వర్ణములు గెలిచినవాడు. ఆయనకు ఒలింపిక్ పతకము లేదు. అయినను ఆయన మహత్త్వము రింగుతో ముగిసినది కాదు. సైన్యమునుండి విరమించిన పిమ్మట భివానీ పట్టణమున బాలురకు శిక్షణ నిచ్చుచు, ఒక సామాన్యమగు ఊరిని దేశమునకే బాక్సింగు రాజధానిగా మార్చుటకు పునాది వేసినవారిలో ఆయన ముఖ్యుడు. భారతదేశమునకు తొలి ఒలింపిక్ బాక్సింగు పతకమును 2008లో బీజింగులో సాధించిన విజేందర్ సింగ్ ఆ భివానీ నేలయందు పెరిగినవాడే. గురువుగా హవాసింగ్ చేసిన సేవకు ద్రోణాచార్య పురస్కారము ప్రకటింపబడినది గాని, 2000 ఆగస్టులో ప్రదానోత్సవమునకు కొద్ది దినముల ముందు ఆయన మరణించెను. ఆయన భార్య ఆ పురస్కారమును స్వీకరించినది. విలంబమునకు ఇంతకంటె బాధాకరమగు ఉదాహరణము వెదకనక్కరలేదు.

అనంతరము డెనిస్ స్వామి, మునిస్వామి వేణు, చందర్ నారాయణన్, మాచయ్య, ఐజాక్ అమల్‌దాస్, మనోహరన్ మున్నగువారు ఆ పట్టికయందు కానవచ్చెదరు. నేడు బాక్సింగనగానే హర్యానా, మణిపురములను తలచుకొను పాఠకుడు, ఒకప్పుడు దక్షిణాది యువకులు ఈ క్రీడకు ఎంతటి ఆధారమై యుండిరో ఈ పేర్లను చదివి గ్రహింపవలెను. 1982లో ఢిల్లీ ఏషియన్ క్రీడలలో హెవీవెయిట్ స్వర్ణము గెలిచిన కౌర్ సింగ్‌కు ఆ యేటనే అర్జున, మరుసటి యేట పద్మశ్రీ లభించినవి. 1980లో ఢిల్లీకి వచ్చిన మహమ్మద్ అలీతో నాలుగు రౌండ్ల ప్రదర్శన పోటీలో నిలిచిన ఘనతయు ఈ పంజాబు సైనికునిదే. అట్టివాడు వార్ధక్యమున వైద్యమునకై అప్పు చేయవలసివచ్చెను. మణిపురమునుండి వచ్చిన డింకో సింగ్ కథ వేరు. 1998లో బాంకాకు ఏషియన్ క్రీడలకు తొలుత ఎంపిక చేయక నిరాకరింపబడి, పిదప జట్టులో చేర్చబడి, స్వర్ణముతో తిరిగివచ్చి, పదునారు సంవత్సరముల కొరతను తీర్చిన ఆ నౌకాదళ యువకునకు అర్జున వెంటనే వచ్చినను, పద్మశ్రీ వచ్చుటకు 2013 వరకు పట్టినది. ఒకే క్రీడలో, ఒకే స్థాయి విజయమునకు ఒకరికి ఒక సంవత్సరము, మరియొకరికి పదునైదు సంవత్సరములు! కొలమానము వ్రాతపూర్వకముగా లేనిచోట ఇట్టి భేదములు తప్పవు.

స్త్రీల బాక్సింగు ప్రవేశముతో ఈ ప్రశ్న మరింత తీవ్రమైనది. మహిళల ప్రపంచ పోటీలు 2001లో మాత్రమే ఆరంభమైనవి; ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు రింగు తెరువబడుటకు 2012 వరకు వేచియుండవలసివచ్చెను. తొలి ప్రపంచ పోటీలలో రజతమును, 2002లో స్వర్ణమును గెలిచిన మేరీకోమ్‌కు 2003లో అర్జున లభించుట ఎంపిక సంఘముల దూరదృష్టికి నిదర్శనముగా చెప్పుకొనదగినది. తరువాత 2009లో విజేందర్, కుస్తీ వీరుడు సుశీల్ కుమార్‌లతో కలసి ఆమెకు ఖేల్ రత్న లభించినది. అయితే ఆమె వెంట నడిచిన వారికి ఆ న్యాయము జరుగలేదు. 2006లో ఢిల్లీలో జరిగిన ప్రపంచ పోటీలలో మేరీకోమ్‌తోపాటు సరితాదేవి, జెన్నీ, కె.సి. లేఖ ప్రపంచ విజేతలైరి. వారిలో సరితకు మాత్రమే, అదియు 2009లో, అర్జున దక్కినది.

ఆ పోటీలలోనే 57 కిలోల విభాగమున రజతము గెలిచినది మన విశాఖపట్టణపు నాగిశెట్టి ఉష. 2008లో చైనా దేశపు నింగ్బో నగరమున జరిగిన ప్రపంచ పోటీలలో ఆమె మరల రజతము గెలిచెను. వరుసగా రెండు ప్రపంచ పోటీలలో అంతిమ పోరువరకు చేరిన బాక్సర్లు మన దేశమున పురుషులలోగాని స్త్రీలలోగాని ఎందరున్నారు? అయినను అర్జున పట్టికయందు ఆమె పేరు లేదు. 2020లో జీవితకాల సేవకుగాను ధ్యాన్‌చంద్ పురస్కారము ఆమెకు లభించినది. అదే యేట, 1994 హిరోషిమా ఏషియన్ క్రీడల కాంస్యవిజేతయై తరువాతి కాలమున టాక్సీ నడిపి జీవించిన లఖాసింగ్‌కును అదే గౌరవము దక్కినది. లేఖకు 2021లో వచ్చినది. ఆలస్యముగానైనను వచ్చినందుకు సంతోషింపవలసినదే. కాని రింగులో నిలిచియున్నప్పుడు రావలసిన గుర్తింపు చేతితొడుగులు విప్పిన యెన్నో యేండ్లకు వచ్చినచో, అది ఆ క్రీడాకారిణికి ఉద్యోగోన్నతినిగాని శిక్షణావకాశమునుగాని ఈయజాలదు. తరువాతి తరపు బాలికలకు ఆమె కథ తెలియవలసిన సమయమున తెలియకపోవుట అంతకంటె పెద్ద నష్టము. ఉష స్త్రీల బాక్సింగునకు ఒలింపిక్ ద్వారము తెరువకముందు వికసించినది. అదియే ఆమె దోషమైనదని తలంచుచున్నాను.

ఇట్టి అన్యాయములను నివారించుటకే ప్రభుత్వము మార్కుల పద్ధతిని ప్రవేశపెట్టినది. ఒలింపిక్, ప్రపంచ, ఏషియన్, కామన్వెల్త్ పోటీల పతకములకు నిర్ణీతమగు అంకెలు. అందును గడచిన నాలుగేండ్ల ఫలితములకే ప్రాధాన్యము. దీనివలన పక్షపాతమునకు అవకాశము తగ్గినది. కాని నాలుగేండ్ల గడువు బాక్సరుకు మిక్కిలి కఠినము. ఒక్క మోకాటి గాయముతో రెండేండ్లు గడచిపోవును. పైగా పేర్లను సిఫారసు చేయవలసిన సమాఖ్యలే సుస్థిరముగా లేవు. 2012 డిసెంబరులో భారత బాక్సింగు సమాఖ్యను అంతర్జాతీయ సంఘము సస్పెండు చేయగా, మన బాక్సర్లు కొంతకాలము జాతీయ పతాకము లేకయే పోటీలయందు పాల్గొనవలసివచ్చెను. ప్రస్తుత ఫెడరేషన్ 2016లో మాత్రమే ఏర్పడినది.

ఆ కల్లోల కాలముననే, 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణము గెలిచిన మనోజ్ కుమార్ పేరు 2014 అర్జున జాబితానుండి జారిపోయినది. ఆయన ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించెను. చివరకు ఆ యేటి పురస్కారమే ఆయనకు ఈయబడినది. 2019లో ప్రపంచ పోటీలలో రజతము గెలిచిన తొలి భారతీయ పురుషుడగు అమిత్ పంఘాల్‌కు, బాల్యదశలో ఆటలమ్మ చికిత్సకై తీసికొన్న మందు కారణముగా 2012లో పడిన నిషేధము ఏండ్లతరబడి అడ్డువచ్చి, 2022 పట్టికలో గాని పేరు చేరలేదు. న్యాయస్థానముచేత సరిదిద్దబడవలసిన ఎంపిక, ఎంపిక సంఘమునకు గౌరవము కాదు.

2022 పట్టికయందే నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ పేరును వచ్చినది. 2011లో జూనియర్ ప్రపంచ విజేతయైన ఆమె, 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు మేరీకోమ్‌ను నేరుగా ఎంపిక చేయుట సరికాదనియు, తమ యిరువురకు పోటీ పెట్టవలెననియు బహిరంగముగా కోరెను. ఆ డిసెంబరులో పోటీ జరిగినది. నిఖత్ 9-1 తేడాతో ఓడిపోయెను. ఓడినను ఆమె అడిగినది న్యాయమే: కీర్తి వేరు, రింగులో నేటి సామర్థ్యము వేరు. 2022లో ఇస్తాంబూలునందును, 2023లో ఢిల్లీయందును ప్రపంచ విజేతయై ఆమె తన వాదమును తానే నిరూపించుకొన్నది. ఆమెకు తొలి పాఠములు చెప్పిన శంషముద్దీన్ కుమారుడగు మహమ్మద్ హుసాముద్దీన్ 2023లో తాష్కెంటు ప్రపంచ పోటీలలో కాంస్యము గెలిచి, ఆ యేటి అర్జునకు ఎంపికయ్యెను. ఒక్క పట్టణపు ఒక్క గురువు నీడనుండి ఇద్దరు అర్జున గ్రహీతలు వెలువడుట తెలంగాణకు గర్వకారణము.

ఇంతకును పురస్కారము వేరు, కీర్తిమందిరము వేరు. మొదటిది వర్తమానమునకు ప్రోత్సాహము. గడువు, మార్కులు, సిఫారసులు దానికి కొంతవరకు అవసరమే. రెండవది కాలమునకు కొంత దూరముగా నిలిచి, రింగులో వేడి చల్లారిన పిమ్మట, ఒక్కొక్కని పోటీల వివరములను సేకరించి, నాటి ప్రత్యర్థులను, నాటి సదుపాయములను, ఆ క్రీడాకారుడు తరువాత తయారుచేసిన శిష్యులను కూడ చూచి నిర్ణయించునది. అమెచ్యూర్ల విషయమున ఈ రెండవ పని మరింత కష్టము. ఏలననగా వారి పోరాటములు మూడు రౌండ్లలో ముగియును, జాతీయ పోటీల ఫలితములు పాత పత్రికల మూలలయందు చెదరి యున్నవి, ప్రత్యక్ష సాక్షులు ఒక్కొక్కరుగా కనుమరుగగుచున్నారు. 2021 జూనులో డింకో సింగ్, 2023 ఏప్రిలులో కౌర్ సింగ్ మరణించిరి. 2024తో ధ్యాన్‌చంద్ పురస్కారము నిలిచిపోయి, జీవితకాల అర్జునగా మారినది. పేరు మారినంతమాత్రమున, 1961కి పూర్వులను గుర్తించు మార్గము తెరువబడలేదు.

కావున బాక్సింగు ఫెడరేషన్ ఒక జాతీయ కీర్తిమందిరమును నెలకొల్పవలెను. అది భివానీలో నుండవచ్చును, విశాఖపట్టణములో నుండవచ్చును. భవనముకంటె ముందు గ్రంథస్థమగు చరిత్ర కావలెను. ఎంపిక సంఘమునందు అధికారులతోపాటు పాత బాక్సర్లు, క్రీడాచరిత్ర నెరిగిన పాత్రికేయులు ఉండవలెను. అర్హుడు లేని యేట ఎవరిని ఎంచకుండు ధైర్యము వారికుండవలెను. తొలి జాబితాను 1948 జట్టుతో ఆరంభించి, అందు హవాసింగ్‌ను గురువుగను యోధునిగను రెండు విధముల స్మరించి, ప్రపంచ విజేతయగు జెన్నీని, రెండు పర్యాయములు ప్రపంచ రజతము తెచ్చిన ఉషను, వారు మన మధ్య నుండగనే పిలిచి గౌరవింపవలెనని ఫెడరేషన్ పెద్దలను, క్రీడామంత్రిత్వ శాఖను కోరుచున్నాను.