పాత మోటారు సైకిలులో సెల్ఫ్ మోటారు: లోప నిర్ధారణ, మరమ్మతు

మీట నొక్కిన వెంటనే ఇంజనును తొలిసారి తిప్పే చిన్న విద్యుత్ యంత్రమే స్టార్టర్ మోటారు. హోసూరులోనైనా బళ్లారిలోనైనా దీనిని అందరూ ‘సెల్ఫ్’ అనే పిలుస్తారు కనుక మెకానిక్కు ఏ భాషవాడైనా ఈ ఒక్క మాటకు తర్జుమా అక్కరలేదు. అయితే ‘సెల్ఫ్ పోయింది’ అని మాత్రమే చెబితే మోటారు మొత్తాన్ని మార్చివేసే దుకాణాలు లేకపోలేదు. అరిగిన రెండు కార్బన్ బ్రష్షులు మారిస్తే తీరిపోయే లోపానికి కొత్త మోటారు ఖరీదు చెల్లించడం వృథా వ్యయమే.

మొదట చూడవలసినది కిక్. 2000 తరువాతి తొలి సంవత్సరాలలో వచ్చిన బళ్లలో చాలావాటికి సెల్ఫ్‌తో పాటు కిక్ కూడా ఉంటుంది. కిక్‌తో బండి సులభంగా అందుకుంటే ఇంజను బాగున్నట్టే. లోపం సెల్ఫ్ వైపు ఉన్నది. సెల్ఫ్ ఇంజనును చురుకుగా తిప్పుతున్నా బండి అందుకోకపోతే స్టార్టర్‌ను తప్పు పట్టరాదు. అప్పుడు పెట్రోలు, స్పార్క్ ప్లగ్గు వైపు చూడాలి.

ఆ పైన బ్యాటరీ. సెల్ఫ్ ఫిర్యాదులలో అధికభాగం ఇక్కడే తేలిపోతాయి. నిండుగా ఛార్జి అయి, కొంతసేపు విశ్రాంతిగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ మల్టీమీటరులో సుమారు 12.6 చూపుతుంది. 12 కంటే తక్కువ చూపితే ముందు ఛార్జి చేయించాలి. విశ్రాంతిలో బాగానే ఉన్నా మీట నొక్కగానే 9.5 కంటే దిగువకు జారితే బ్యాటరీ చాలావరకు బలహీనపడినట్టే. అరుదుగా, పట్టేసిన మోటారు అధిక కరెంటు లాగడం వలన కూడా ఇట్లా జరుగుతుంది. మీటరు లేనివారు హెడ్‌లైటు వేసి మీట నొక్కి చూడవచ్చు. వెలుగు పూర్తిగా చచ్చిపోతే అర్థం అదే. టెర్మినళ్లపై పేరుకున్న తెల్లని పొడిని వేడినీటితో కడిగి, ఆరబెట్టి, గట్టిగా బిగించాలి. ఇంజను మీద ఎర్త్ తీగ బిగించిన చోట తుప్పు ఉన్నా ఫలితం ఇట్లాగే ఉంటుంది.

తరువాత చెవి సాయం తీసుకోవాలి. వరుసగా ‘టకటక’ మని వినిపిస్తే బ్యాటరీలో శక్తి చాలడం లేదు. ఒక్కసారి ‘టక్’ మని ఆగితే రిలే పలికింది గాని మోటారు కదలలేదు. ఏ శబ్దమూ లేకపోతే ఫ్యూజు, మీట, క్లచ్ స్విచ్చు, న్యూట్రల్ స్విచ్చు చూడాలి. వర్షాకాలంలో మీటలోకి నీరు చేరి రాగిరేకులు చిలుమెక్కడం పాత బళ్లలో సాధారణం.

రిలేదో మోటారుదో లోపం తేల్చడానికి ఒక పరీక్ష ఉన్నది. బండిని న్యూట్రల్‌లో పెట్టి, తాళం తీసివేసి, పెట్రోలు వాసన లేదని నిర్ధారించుకోవాలి. ప్లాస్టిక్ పిడి గల స్క్రూడ్రైవరుతో రిలే మీది రెండు లావు టెర్మినళ్లను క్షణకాలం కలపాలి. స్క్రూడ్రైవరు చట్రానికి తగలరాదు. నిప్పురవ్వలు సహజం. మోటారు తిరిగితే మోటారు మంచిదే, లోపం రిలేది లేదా మీట తీగలది. పెద్ద రవ్వలు వచ్చి కూడా తిరగకపోతే మోటారు పట్టేసింది లేదా లోపల షార్టు అయింది. రవ్వ కూడా రాకపోతే బ్రష్షులు అందడం లేదు, లేదా మోటారుకు వెళ్లే తీగ తెగింది. మోటారు మీద కర్రముక్కతో మెల్లగా తట్టినప్పుడు మాత్రమే తిరిగితే బ్రష్షుల పని అయిపోయిందన్నమాట.

మోటారు మాత్రం ‘గుర్రు’మని తిరుగుతూ ఇంజను కదలకపోతే విషయం వేరు. వన్‌వే క్లచ్‌లోని రోలర్లు, స్ప్రింగులు అరిగి జారుతున్నాయి. చాలా బళ్లలో ఇది మాగ్నెట్ వెనుక ఉంటుంది. పుల్లర్ లేనిదే విప్పరాదు. ఆ పని మెకానిక్కుకే వదలాలి.

మోటారు విప్పవలసివస్తే ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగను తీసివేయాలి. మోటారు మీది లావు తీగ నట్టును విప్పేటప్పుడు దాని కిందనున్న నట్టును మరో స్పానరుతో పట్టుకోవాలి. లేకుంటే బోల్టు తిరిగి లోపలి తీగ తెగుతుంది. కొత్తగా నేర్చేవారు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. మూతలు విప్పకముందు మూతకూ గుండ్రని ఒంటికీ కలిపి గీత గీయాలి. ఆ గీతలు తప్పి బిగిస్తే మోటారు వెనక్కి తిరిగే అవకాశమున్నది. ఇరుసుకు ఉన్న సన్నని వాషర్లు ఏ వరుసలో వచ్చాయో ఆ వరుసలోనే కాగితంపై పెట్టుకోవాలి.

బ్రష్షులు సగానికి అరిగితే జతగా మార్చాలి. వాటి వెనుక స్ప్రింగులు కాలి మెత్తబడ్డాయేమో చూడాలి. బ్రష్షులు రాసుకునే రాగి పలకల వలయాన్ని సన్నని గరుకు కాగితంతో నల్లదనం పోయేవరకు తుడవాలి. ఎమెరీ గుడ్డ వాడరాదు. పలకల నడుమ గాడులలో చిక్కిన కార్బన్ పొడిని సూదితో తీసివేయాలి. మీటరుతో చూస్తే పలకకూ పలకకూ నడుమ కరెంటు పారాలి. పలకకూ ఇరుసుకూ నడుమ పారరాదు. పారితే ఆర్మేచరు చెడింది, బ్రష్షులు మార్చినా ప్రయోజనం లేదు. చుట్టిన తీగ కాలిన వాసన వేస్తున్నా అంతే. ఒంటి లోపల అతికిన అయస్కాంతాలు పగిలి ఊడి ఉన్నా మోటారు మార్చవలసినదే.

ఆర్మేచరును పెట్రోలులో ముంచి కడగరాదు. పొడిగుడ్డ చాలు. బుష్‌లో చిటికెడు గ్రీజు, రబ్బరు వలయానికి కొద్దిగా ఆయిలు రాసి బిగించాలి. బిగించిన తరువాత మీటను 5 సెకన్లకు మించి నొక్కి ఉంచరాదు; అందుకోకపోతే 15 సెకన్లయినా ఆగి మళ్లీ ప్రయత్నించాలి. ఇంజను నడుస్తుండగా కొంచెం వేగం పెంచి చూస్తే బ్యాటరీ వద్ద 13.5 నుండి 14.5 వోల్టుల వరకు ఉండాలి. అంత రాకపోతే ఛార్జింగు వ్యవస్థను చూపించాలి. సెల్ఫ్ బాగైనా బ్యాటరీ కొద్దిరోజులలోనే మళ్లీ పడిపోతుంది.