శిలాద్రవం: తెలుగు నేలపై అధ్యయన చరిత్ర

భూమి లోతుల్లో కరిగిన రాయిని మాగ్మా లేదా శిలాద్రవం అంటారు. అదే నేలపైకి ఉబికితే లావా. సికింద్రాబాద్‌లోని బోయిగూడ దరిదాపుల్లో అగ్నిపర్వతం లేదు. అయినా ఆ ప్రాంతానికి అడుగున ఉన్న గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట లోతునే ఆగి, నెమ్మదిగా చల్లారిన మాగ్మాయే. దగ్గర్లోని మౌలాలి గుట్టదీ అదే రాయి.

కాకతీయుల నుంచి కుతుబ్‌షాహీల దాకా ఈ నేలవాళ్లు గ్రానైటును చెక్కి గుళ్లూ కోటలూ కట్టారు.

అయితే అలాంటి రాయి నీటిలో పుట్టిందా, నిప్పులోనా అన్న తగవు 18వ శతాబ్దపు యూరప్‌ను ఊపేసింది. 1785లో స్కాట్లండ్‌లోని గ్లెన్ టిల్ట్ లోయలో భూగర్భ శాస్త్రవేత్త జేమ్స్ హటన్ పాత రాళ్ల పగుళ్లలోకి చొరబడిన గ్రానైటు పాయలను చూశాడు. ద్రవమైతే తప్ప అలా దూరలేదు. ఆయన మిత్రుడు జేమ్స్ హాల్ నల్లరాతిని కొలిమిలో కరిగించాడు. గబుక్కున చల్లారిస్తే గాజు అయింది. నిదానంగా చల్లారిస్తే మళ్లీ స్ఫటికాలతో రాయే అయింది. 1798లో వెల్లడైన ఈ చక్కని ప్రయోగం నిప్పు పక్షానికి బలమిచ్చింది.

తెలుగు నేలపై ఈ అధ్యయనంలో తొలి అడుగులు వేసినవారిలో హెన్రీ వెస్లీ వాయిసీ ఒకరు. 1818లో లాంబ్టన్ నడిపిన త్రికోణమితి సర్వేలో వైద్యుడిగా, భూగర్భ పరిశీలకుడిగా చేరి నిజాం రాజ్యమంతా తిరిగాడు. 1824లో చనిపోయాడు. హైదరాబాద్ శిలలపై ఆయన నివేదిక 1833లో గానీ అచ్చు కాలేదు. 1860లో స్టీఫెన్ హిస్లాప్ రాజమండ్రి దగ్గరి లావా పొరల నడుమ దొరికిన గవ్వల శిలాజాలను వర్ణించాడు.

20వ శతాబ్దంలో నార్మన్ బోవెన్ వంటి శాస్త్రవేత్తల ప్రయోగాలు అసలు కిటుకు తేల్చాయి: రాయి కరగడం వేడి ఒక్కదాని మీదే ఆధారపడదు. భూమి పైపెంకు కిందున్న భూప్రావారం ఎర్రగా కాలుతున్నా పైబరువు వల్ల ఘనంగానే ఉంటుంది. పైకి లేస్తే ఒత్తిడి తగ్గి, కొత్తగా వేడి చేరకుండానే కొంత భాగం కరుగుతుంది. నీరు చేరినా అంతే. లోతున తడి గ్రానైటు 650–700 డిగ్రీల సెల్సియస్‌కే కరగడం మొదలవుతుంది.

6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కను లావా పారింది ఒత్తిడి తగ్గినందువల్లే. వికారాబాద్ ప్రాంతంలో దాని పొరలున్నాయి. పశ్చిమ కనుమల నుంచి పాత నదీలోయల వెంట దాదాపు 1,000 కిలోమీటర్లు పారి అది గోదావరి ముఖద్వారం దాకా వచ్చిందని కొందరు శాస్త్రవేత్తల అంచనా. రాజమండ్రి దగ్గరి పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో తవ్వే నల్లకంకర వారి లెక్కన ఆ లావాయే.